పైకీ కిందకీ ఒకటే మిషను

సెప్టెంబరు 7

ఇవాళ కొత్తింటి దగ్గరికి గాలాయన వచ్చాడు. పేరేదో చెప్పాడు, బుర్రకెక్కలేదు. ఇంట్లోకి చల్లగాలీ వెచ్చగాలీ పెట్టే మనిషి కాబట్టి నాకు గాలాయనే. యాభై దాటుంటాయి, నడుముకి టేపు, చెవి మీద పెన్సిలు. ఏళ్ళ తరబడి కర్టెన్లు కుట్టి బతుకుతున్నదాన్ని, టేపు పట్టుకునే తీరు చూసి మనిషిని అంచనా కట్టేస్తాను. ఈయన కొలిచింది మళ్ళీ ఒకసారి కొలిచి గానీ నోరు విప్పడు. నచ్చాడు.

గోడలింకా ఇటుకలతోనే ఉన్నాయి. ప్లాస్టరింగు మొదలయ్యేలోపు పైపులు గోడల్లోకి దిగిపోవాలట. "తర్వాత పెట్టమంటే గోడలు పగలగొట్టాలి, అప్పుడు నన్నే తిట్టుకుంటారు" అన్నాడు. రెండు దారులున్నాయన్నాడు. డాబా మీద ఒకటే పెద్ద మిషను పెట్టి గొట్టాల్లోంచి పైకీ కిందకీ గాలి పంపడం ఒకటి. పై భాగానికి వేరే, కింది భాగానికి వేరే చిన్న మిషన్లు పెట్టుకోవడం ఇంకోటి. ఏదైనా సరే ఎండాకాలం చల్లబరుస్తుంది, చలికాలం వెచ్చబెడుతుంది.

"ఒకటే మిషను రెండు పనులూ ఎలా చేస్తుందండీ?"

"ఎండాకాలం ఇంట్లో వేడిని బయట పారేస్తుంది. చలికాలం బయట వేడిని లోపలికి తెస్తుంది."

"చలికాలం బయట వేడెక్కడుంది, మీ మొహం!" అనబోయి 'మీ మొహం' మింగేశాను.

"ఉంటుందండీ. మనకి తెలీదంతే" అన్నాడు.

నేను క్షణం ఆలోచించలేదు. "అంతా ఒకటే ఇల్లండీ. కింద నేనుంటాను, పైన మా చెల్లి చిట్టీ వాళ్ళాయనా. మెట్లు ఇంట్లోంచే. వంట కిందే, భోజనాలు కిందే. ఒకటే పెద్ద మిషను పెట్టండి" అన్నాను.

చిట్టి ఫోనులోంచి తలెత్తి, "వద్దండీ, మా పైన వేరే పెట్టండి" అంది.

మా పైన. అదీ నా పక్కన నిలబడి.

పోనీలే. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎవరైనా మా అనే అంటారు. నేను మాత్రం ఆయనతో మన చెల్లి అన్నానా, మా చెల్లి అనే కదా అన్నాను.

సెప్టెంబరు 8

మా పైన అంటే నన్ను కూడా కలుపుకునే అని ఉంటుంది.

సెప్టెంబరు 12

చిట్టి షాపుకొచ్చింది. నేను టేబులు మీద గుడ్డ పరిచి కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చుని నసిగింది. వాళ్ళాయనకి సైనసట. పెద్ద మిషను గొట్టాల్లో దుమ్ము చేరుతుందట. నాకు చలి పడదు, ఆయనకి వేడి పడదు, ఒకే మిషను అందరికీ ఎలా సరిపోతుందట.

"పైకో మీట, కిందకో మీట ఉంటాయే. గాలాయన చెప్పాడుగా. ఎవరికి కావలసినట్టు వాళ్ళు పెట్టుకోవచ్చు."

"అయినా విడిగా ఉంటే హాయి కదక్కా."

"విడిగా ఉండేదానికి ఒకే ఇల్లెందుకు కడుతున్నామే?"

చిట్టి గుడ్డ అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నా చేతిలో కత్తెర ఉందని కూడా చూసుకోలేదు, వేలు తెగేది.

అసలీ ఇల్లు ఎవరి ఆలోచన? అమ్మ పోయిన ఏడాది, అమ్మ బట్టలు సర్దుతూ, "ఇంకా ఎవరికి వాళ్ళం ఎందుకక్కా? మనిద్దరం ఒకే ఇంట్లో ఉందాం, ముసలితనం కలిసే కానిద్దాం" అన్నది చిట్టి. ఆ మాట అన్నది అది, నేను కాదు. షాపు వెనక రేకుల గదిలో ఎండాకాలం ఉడుకుతూ, చలికాలం వేళ్ళు కొంకర్లు పోయి కత్తెర పట్టలేక నన్ను నేనే తిట్టుకుంటూ, నా పాటికి నేను బతికేస్తున్నాను. పుట్టింటి స్థలం ఉంది, ఇద్దరం కలిసి ఇల్లు వేద్దాం అన్నది అది.

సైనస్ సంగతి నిజమే. మరిది మొన్న నా ఎదురుగానే తుమ్మాడు.

సెప్టెంబరు 19

చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకటే టేబుల్ ఫ్యాను. అటూ ఇటూ తల తిప్పుతుండేది. సెలవుల్లో మధ్యాహ్నం పూట నేను కునుకు తీయగానే చిట్టి దాని వెనక మీట పట్టి తల తనవైపే ఆపేసుకునేది. చెమటలు కక్కుకుంటూ లేచి జుట్టు పట్టుకుంటే, కళ్ళింత చేసుకుని "అదే ఆగిపోయిందక్కా, నేనేం చెయ్యలేదు" అనేది. నమ్మేదాన్ని. నమ్మడమంటే, నమ్మినట్టు ఉండేదాన్ని. అంత చిన్న మొహం పెట్టుకుని చెబుతుంటే ఏం చేస్తాం!

ఇదెందుకు గుర్తొచ్చిందో ఇవాళ. గాలాయన గాలి తిరగడం గురించి ఏదో చెప్పాడు, అందుకే అయ్యుంటుంది.

సెప్టెంబరు 24

మెట్ల పైన తలుపుకి ఏ చెక్క వాడమంటారని మేస్త్రీ అడిగాడు.

"మెట్లకి తలుపేంటి?" అన్నా.

"చిన్నమ్మగారు పెట్టమన్నారు కదమ్మా. మీకు చెప్పలేదా?" అని బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు.

అక్కడే నిలబడి చిట్టికి ఫోను చేశా. "వేడిగాలి పైకి పోతుంది కదక్కా. కింద నీకే చలేస్తుంది. అందుకని తలుపు" అంది. గాలాయనని అడిగితే ఆయనా వేడిగాలి పైకే పోతుందన్నాడు. చూశావా, నా చలి గురించి దానికి ఆలోచనొచ్చింది, నాకే తట్టలేదు. మేస్త్రీ ముందు ఊరికే మొహం మాడ్చుకున్నాను.

చెప్పి పెట్టిస్తే దాని సొమ్మేం పోయేది అని మాత్రం అనిపించింది. రాసుకుంటున్నాను కాబట్టి రాసుకుంటున్నాను, దాంతో అనను.

సెప్టెంబరు 30

పై గదుల కర్టెన్లకి గుడ్డ వచ్చింది. లేత ఆకుపచ్చ, పొద్దున వెలుగు పడితే గదంతా చల్లగా కనిపిస్తుంది. కిటికీలు కొలుద్దాం రమ్మని చిట్టికి ఫోను చేస్తే, "మా పైన కొలతలు ఇప్పుడెందుకక్కా, తర్వాత చూద్దాంలే" అంది.

ఫోనులో బయటివాళ్ళెవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆఫీసు హడావిడిలో ఉంది. నోరు తిరగలేదు. అంతే.

అక్టోబరు 5

ఇవాళ తేలిపోయింది! పెద్ద మిషనే!

అందరం ఇంటి దగ్గరే ఉన్నాం. గాలాయన గోడకి ఆనుకుని, "ఏదో ఒకటి చెప్పండమ్మా, మేస్త్రీ ప్లాస్టరింగు పట్టుకుని నా మీద కూర్చున్నాడు" అన్నాడు. నేనేమో ఒకటే కావాలంటాను. చిట్టేమో వేరే అంటుంది, ఎందుకంటే సైనసంటుంది. నాకు తిక్కరేగింది. "నీ మొగుడి ముక్కు కోసం ఇల్లు రెండు ముక్కలు చెయ్యాలా?" అనేశాను, మరిది అక్కడే ఉన్నాడని కూడా చూడకుండా. ఆయన నవ్వేసి, "మీరెలా అంటే అలాగే వదినా" అన్నాడు. మంచివాడు.

అప్పుడు గాలాయన ఒక మాట చెప్పాడు. "పెద్దది పెడితే రెండంతస్తులూ నడవాలండీ. సగం ఇంటికే నడిపితే ఊరికే మొదలవుతుంది, ఊరికే ఆగుతుంది, తొందరగా పాడవుతుంది. గదులు కూడా సరిగ్గా వెచ్చబడవు. పైనా కిందా మనుషులుంటారుగా?"

"ఉండకేం!" అన్నాను.

చిట్టి వాళ్ళాయన మొహం చూసింది. ఆయన ఇసుక కుప్ప చూశాడు.

"సరే అక్కా, నీ ఇష్టం" అంది చిట్టి. "పెద్దదే పెట్టించు."

ఎంత సంబరపడ్డానో నాకే నవ్వొస్తోంది. ఒక మిషను కోసం ఇంత గంతులేసే ఆడది ఇంకొకతె ఉండదు. చలికాలం పొద్దున్నే లేస్తే వేళ్ళు మాట వింటాయి. పైనుంచి చిట్టి దిగొచ్చి, "అక్కా, టీ" అంటుంది. ఇద్దరం ఒకే వెచ్చగాలిలో కూర్చుని దాని ఆఫీసువాళ్ళని ఆడిపోసుకుంటాం. గాలాయనకి అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చేశా. పైన కిటికీలు నేనే కొలుచుకొచ్చి ఆకుపచ్చ గుడ్డ కత్తిరించడం మొదలెట్టేశాను.

అక్టోబరు 11

గాలాయన షాపుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్ద మిషను తెప్పించేసేవాణ్ణేనండీ. మనసొప్పలేదు. పైన అద్దెకిచ్చేటప్పుడు అది మీకు మంచిది కాదు."

"ఏ పైన?"

"మీ పైనేనండీ. అద్దెకొచ్చేవాళ్ళు మిషను వాడతారో, వాడరో. మధ్యలో నెలల తరబడి ఖాళీగా ఉన్నా ఉండొచ్చు. మీ ఒక్కరి కోసం అంత మిషను నడపాలి. ఆరోజు అందుకే మనుషులుంటారా అని అడిగాను, మీరు ఉంటారన్నారు. చెల్లెలుగారు ఏమన్నా మనసు మార్చుకున్నారేమో అనుకున్నా. నిన్న వాళ్ళ కొత్త ఫ్లాటుకి వెళ్ళినప్పుడు అడిగితే లేదు, అద్దెకే అన్నారు."

"కొత్త ఫ్లాటు" అన్నాను.

"అదేనండీ, సారు ఆఫీసు దగ్గర. మందుల షాపు మీద, మూడో అంతస్తు. అక్కడి మిషన్లు కూడా పెట్టింది నేనే కదా, పోయిన నెల." అప్పుడు నా మొహం చూశాడు. టేపు నడుము మీంచి తీసి మళ్ళీ అక్కడే తగిలించుకున్నాడు. "మీకు తెలుసనుకున్నానండీ."

"తెలుసండీ. మర్చిపోయాను" అన్నాను.

సొంత చెల్లెలి కొత్త ఫ్లాటు ఎవరైనా మర్చిపోతారా? ఆయన ముందు అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఒక్క కుట్టు సరిగ్గా పడలేదు.

అక్టోబరు 12

ఆయన పొరబడి ఉంటాడు. ఊళ్ళో చెల్లెళ్ళు చాలామంది ఉంటారు.

అక్టోబరు 14

వెళ్ళి చూసొచ్చాను.

మందుల షాపులో తలనొప్పి మాత్రలు కొన్నాను, తలనొప్పి లేకపోయినా. తర్వాత రోడ్డుకి అవతల నిలబడి పైకి చూశాను. మూడో అంతస్తు వరండాలో రెండు మిషన్లు, కొత్తవి, అట్ట కూడా పూర్తిగా తీయలేదు. పక్కన పేము కుర్చీ. కుర్చీలో నేను కుట్టిచ్చిన పువ్వుల దిండు. ఆ పువ్వులు నేనే ఒక్కొక్కటీ కత్తిరించి అతికించాను. ఊళ్ళో ఆ దిండు మాత్రం ఒక్కటే ఉంది.

కిటికీలకి కర్టెన్లు కూడా వేసేసింది. రెడీమేడువి. జానెడు పొట్టిగా వేలాడుతున్నాయి. అంత పొట్టివి ఎవరైనా వేసుకుంటారా? నా దగ్గరికి రావడం ఇష్టం లేక పొట్టి కర్టెన్లు వేసుకుంది. నా చెల్లెలు. వీధంతటికీ కనిపించేలా.

బస్సులో ఏడుపు ఆగలేదు. పక్కామె మాత్రలు చూసి, "తలనొప్పి ఎక్కువగా ఉందా అమ్మా?" అంది. ఎక్కువగానే ఉంది అన్నాను.

అక్టోబరు 15

రమ్మన్నాను, వచ్చింది. షాపు షట్టరు సగం దించాను.

"కర్టెన్లు పొట్టిగా ఉన్నాయి" అన్నాను.

దానికి అర్థమైపోయింది. కుర్చీలో కూలబడింది. "చెబుదామనే అనుకున్నానక్కా."

"ఎప్పుడు? డాబా మీద అంత మిషను ఎక్కించాకా?"

"నువ్వంత సంబరంగా ఉంటే ఎలా చెప్పను?"

"మేస్త్రీకి చెప్పగలిగావు. గాలాయనకి చెప్పగలిగావు. నాకు చెప్పడానికే నోరు పెగల్లేదా?"

"వాళ్ళు నన్ను తిట్టరు కదా" అంది.

అని ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. ఎప్పుడూ వేసేది, ఇవాళ వేయలేదు.

"నీ ఎదురుగా కాదనడం నాకు చిన్నప్పట్నుంచీ రాదక్కా. నేను గ్లాసుడు నీళ్ళు తాగినా అంత చల్లటివెందుకంటావు."

"అంటాను. గొంతు పట్టేస్తుంది నీకు."

"యాభయ్యోపడిలో పడ్డాను. పట్టేస్తే పట్టనీ! మీ మరిది ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలన్నా నీ అడుగుల చప్పుడు వినాలి. నువ్వు మంచిదానివే, కానీ రోజూ పొద్దున్నా సాయంత్రం ఒకే ఇంట్లో... నాకు ఊపిరాడదక్కా."

"మరి కలిసి ఉందాం అన్నది ఎవరు? నేనడిగానా? నీ కాళ్ళు పట్టుకున్నానా?"

"అమ్మ పోయిన బాధలో అన్నాను. నువ్వు మర్నాడే ప్లాను గీయించుకొచ్చావు."

మర్నాడు కాదు. వారం తర్వాత.

"పోనీ, ఊపిరాడదు, వెళ్ళు. మరి పెద్దదే పెట్టించు అని ఎందుకన్నావే? సగం ఇంటికి నడిపితే ఆ మిషను పాడవుతుందని, నా గది కూడా వెచ్చబడదని ఆయన నీ ముందే చెప్పాడు. చెవులారా విన్నావు. విని, పెట్టించు అన్నావు."

"ఆ పూటకి గొడవ ఆగుతుందని" అంది.

ఒక్క పూట గొడవ ఆపుకోవడానికి నా జీవితాంతం చలికి నన్ను వదిలేసింది. ఫ్లాటు కొనుక్కుందని కాదు నా ఏడుపు. నేను గంతులేస్తుంటే పక్కన నిలబడి చూసింది.

షట్టరు ఎత్తి పట్టుకున్నాను. వంగి వెళ్ళిపోయింది.

అక్టోబరు 16

మేస్త్రీకి తెలుసు. గాలాయనకి తెలుసు. మరిదికి తెలుసు, మంచివాడు అని నేనే రాసుకున్నాను పైన. ఇసుక కుప్పకి కూడా తెలుసు. నాకు తప్ప.

అక్టోబరు 20

గాలాయనని పిలిచి కింద భాగానికి సరిపడా చిన్న మిషను పెట్టమన్నాను.

"పైన?"

"పైన సంగతి పైవాళ్ళనడగండి."

పైవాళ్ళు. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

ఆయన గదులు మళ్ళీ కొలిచాడు. ఎన్ని కిటికీలు, ఎండ ఎటు, ఇంట్లో ఎంతమంది అని అడుగుతూ. ఒక్కదాన్నే అన్నాను. పెన్సిలు ఆగింది, మళ్ళీ కదిలింది. వెళ్ళబోతూ అన్నాడు, "ఒక్క సంగతమ్మా. పైన ఖాళీగా ఉన్నన్నాళ్ళూ కప్పులోంచి చలి దిగుతుంది. కింద ఎంత వెచ్చగా పెట్టుకున్నా కాస్త తెలుస్తూనే ఉంటుంది. మిషను లోపం అనుకోవద్దు."

అనుకోనన్నాను.

మెట్ల తలుపుకి గడియ నా వైపు పెట్టమని మేస్త్రీకి చెప్పాను. వాడు నీళ్ళు నమిలాడు. "పైవైపు చిన్నమ్మగారు ముందే పెట్టించేశారమ్మా."

"అయితే రెండువైపులా ఉండనీ" అన్నాను.

నవంబరు 9

ఆకుపచ్చ కర్టెన్లు అమ్మేశాను. కొన్నావిడ కిటికీలకి కొలతలు సరిపోలేదు, విప్పి మళ్ళీ కుట్టిచ్చాను. ఎంత బాగున్నాయో, మీ ఇంటికి కుట్టుకున్నవేమో అంది. కాదండీ అన్నాను.

నవంబరు 27

ఇల్లు మారాను. సామాను ఒక్క బండికి సరిపోయింది. చిట్టీ మరిదీ వచ్చారు, పెట్టెలు మోశారు. నేను వద్దనలేదు. పెట్టెలు బరువుగా ఉన్నాయి మరి. టీ పెట్టిచ్చాను. చిట్టి గ్లాసు పట్టుకుని మెట్ల తలుపు వైపు చూసి కళ్ళు దించుకుంది. మరిది తుమ్మాడు. ఆ సైనసు మాత్రం నిజమే.

డిసెంబరు 18

బయట బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే మంచుముక్కలా ఉన్నాయి. మిషను మాత్రం మాట నిలబెట్టుకుంది. పొద్దున లేచేసరికి వేళ్ళు వంగుతున్నాయి, కత్తెర పట్టుకుంటే నొప్పి లేదు. గాలాయన చెప్పినట్టు బయట ఎక్కడో వేడి ఉన్నట్టే ఉంది.

పైన ఇంకా ఎవరూ రాలేదు. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే నడినెత్తిన చల్లగా దిగుతుంది. కప్పులోంచే. మిషను లోపం కాదు. కుర్చీ జరిపి చూశాను, ఇల్లంతా అంతే.

మధ్యాహ్నం చిట్టి ఫోను చేసింది. వారానికోసారి చేస్తోంది, ఆఫీసు కబుర్లు చెబుతుంది, నేను ఊ కొడతాను. ఇవాళ చలి గురించి ఎత్తింది. వాళ్ళ ఫ్లాటులో గాలి రయ్యిన వస్తోందట, కర్టెన్లు పొడుగ్గా ఉంటే బాగుండేదట. కొలతలు పంపమంటానేమో అని చూసింది. నేను అనలేదు.

"అక్కా, మన ఇంట్లో వెచ్చగా ఉంటోందా?" అంది.

మన అంది. ఎన్నాళ్ళయిందో ఆ మాట దాని నోట విని. చిన్నప్పటి గొంతుతోనే అంది, ఫ్యాను అదే ఆగిపోయిందక్కా అన్న గొంతుతో. ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. తల మీద చలి దిగుతూనే ఉంది.

"మా ఇంట్లో బాగానే ఉంది చిట్టీ" అన్నాను.

దానికి తెలిసింది. తర్వాత "సరే అక్కా, ఉంటాను" అని పెట్టేసింది.

మా అంటే ఎవరెవరని అది అడగలేదు. అడిగుంటే చెప్పడానికి నా దగ్గర ఎవరూ లేరు.